గుత్తి పేరు మోస్తున్న గిద్దలూరు సాలీడు

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ ముసురే. ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న పట్నంలో అక్కావాళ్ళ ఇంట్లో ఉన్నాను. ఇంట్లో కూర్చోలేక మేనకోడలు జూకి వెళ్దామని పట్టుబట్టింది. పేరుకు జూయే గాని పులీ లేదు, సింహమూ లేదు. కొన్ని లెమర్లు, కొన్ని ముంగిసజాతి జంతువులు, ఒకటి రెండు గుడ్లగూబలు. అవి కూడా వానకు గూళ్ళలో ముడుచుకుని కూర్చున్నాయి. గొడుగు పట్టుకుని ఖాళీ బోనుల ముందు తిరిగి తిరిగి, చివరికి వెచ్చగా ఉంటుందని పాములూ పురుగులూ ఉంచిన పాకలోకి దూరాం.

అక్కడ ఒక గాజుపెట్టెలో నిలువుగా బెరడుముక్క ఆనించి ఉంది. దాని చాటు నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. నీలం! నెమలి మెడ మీద తప్ప మరెక్కడా నేను చూడని నీలం. కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపు చుక్కలు. పెట్టె కింద అంటించిన చీటీని చదివి మేనకోడలు అడిగింది: "మామయ్యా, గుత్తి అంటే అమ్మమ్మ వాళ్ళ ఊరి దగ్గరేనా?"

"కాదమ్మా, గుత్తి అనంతపురం జిల్లాలో ఉంది. అమ్మమ్మ వాళ్ళది గిద్దలూరు కదా" అన్నాను. ఊరి సంగతి సరిగానే చెప్పాను. సాలీడు సంగతే తెలియక చెప్పాను. ఆ రాత్రి కూర్చుని చదివితే తేలింది, అది గుత్తిది కాదు, మనదేనని.

దీని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. 1899లో దీన్ని లోకానికి పరిచయం చేసినవాడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. ఆయన చేతికి అందింది ఒకే ఒక నమూనా. అది దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు. ఆయన వర్ణించాడు, పేరు పెట్టాడు, దొరికిన చోటు గుత్తి అని రాసుకున్నాడు. తప్పేమీ లేదు, దొరికింది అక్కడే కదా! ఇదే పోకాక్ తర్వాత 1904 నుంచి 1923 దాకా లండన్ జూకి సూపరింటెండెంటుగా ఉన్నాడు. ఆ జూలో పురుగుల కోసమే ప్రత్యేకంగా ఒక ఇల్లు 1881లోనే వెలసింది. గాజుపెట్టెలో పురుగును పెట్టి జనానికి చూపించే అలవాటు అంత పాతదన్నమాట.

మరి చెట్టుతొర్రలో బతికే ప్రాణి కలప యార్డులో ఏం చేస్తోంది? ఇక్కడే మన రైలుదారి కథలోకి వస్తుంది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా బెజవాడ దిక్కుగా మీటరు గేజి దారి వేసే పని 1880ల్లో మొదలైంది. నల్లమలను తొలిచి బొగడ దగ్గర సొరంగం తవ్వారు, లోయల మీద వంతెనలు కట్టారు. అంతకు ముందే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవులు సర్కారు చేతికి వెళ్ళాయి. చట్టం ఒకవైపు, రైలు ఒకవైపు. ఎడ్లబండి మోయలేనంత కలప రైలెక్కి కొండ దిగింది. అలా నరికిన ఏ మాను తొర్రలోనో ఉన్న సాలీడు, తన ఇంటితో సహా ప్రయాణం చేసి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో గుత్తిలో దిగి ఉంటుందన్నది శాస్త్రజ్ఞుల ఊహ.

ఆ ఊహకు బలం దొరకడానికి నూట రెండేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ ఇంకొకటి కనబడిన దాఖలా లేదు. గుత్తి చుట్టూ ఉన్నవి రాళ్ళగుట్టలు. పాత మానులుండే అడవి అక్కడెక్కడిది? చివరికి 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమనున్న అడవిలో అది మళ్ళీ కనిపించింది. అంటే మా నాయన, మా తాత, నేను రైలు కిటికీలోంచి దశాబ్దాల తరబడి చూసిన అడవే!

దిగువమెట్ట దాటాక చెలమ దాకా ఆ దారిని వానాకాలంలో చూసినవాళ్ళు మరిచిపోరు. 1990ల్లో బ్రాడ్ గేజి వచ్చేదాకా రైలు ఎంత మెల్లగా ఎక్కేదంటే చెట్ల బెరళ్ళ మీద కారే నీళ్ళు కూడా కనబడేవి. ఆ బెరళ్ళ వెనక ఏముందో మాత్రం మాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం ఉంది. ఇది ఎత్తయిన చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుంటుంది, రాత్రిపూట వేటాడుతుంది, వెలుతురు పడితే పారిపోతుంది. ఆడది పదేళ్ళకు పైగా బతుకుతుంది, మగదాని ఆయుష్షు మూడు నాలుగేళ్ళే. కరిస్తే ప్రాణం పోదు గాని నొప్పి మాత్రం తీవ్రం. దాని నీలం రంగులద్దిన నీలం కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరల అమరిక మీద కాంతి పడి పుట్టే నీలం.

ఆ నీలమే దాని ప్రాణానికొచ్చింది. 2001 తర్వాత ఎంతోకాలం గడవకముందే విదేశాల్లో సాలీళ్ళను పెంచే సరదా ఉన్నవాళ్ళ చేతుల్లోకి ఇది వెళ్ళిపోయింది. మొదట్లో ఒక్కొక్క పిల్లా వందల డాలర్లు పలికింది. తర్వాత పెట్టెల్లోనే పిల్లలు పెట్టించి చవక చేశారు. ఇక్కడ అడవిలో దాని తావు వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదని, కట్టెల కోసం, కలప కోసం చెట్లు పోతున్నాయని లెక్క చూసి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. 2019లో దీని ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం కిందికి వచ్చింది. 2020లో తమిళనాడులో సెంజి దగ్గరి పక్కమలైలోనూ కనబడిందన్న వార్త కొంత ఊరట.

నాకు బాధ కలిగించింది ఒక్కటే. చరిత్ర సరుకు దిగిన చోటును గుర్తుపెట్టుకుంది, సరుకు బయలుదేరిన చోటును మరిచిపోయింది. ఇది ఈ సాలీడు ఒక్కదాని కథ కాదు. మా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడి ఒంగోలు వైపు వచ్చాయి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళలో ఆ రాయి ఏ నేలలోంచి వచ్చిందో ఎందరడిగారు? మా నుంచి వెళ్ళినవాటికి మా ఊరి పేరు అంటుకోవడం అరుదు. గుత్తివాళ్ళ మీద నాకు కోపం లేదు, పేరు వాళ్ళదగ్గరే ఉండనీ. చెట్లు మాత్రం మాదగ్గర ఉండాలి.

ఇంతకీ దాని ఇంగ్లీషు పేర్లు వెతుకుతుంటే ఒకచోట "సాలెపురుగు" అనే మన మాట కూడా కనిపించింది. తెల్లవాళ్ళు నోరు తిరగక ఎలా పలుకుతారో గాని, చదివి చాలాసేపు సంతోషంగా అనిపించింది.

మర్నాడు మేనకోడలికి నా తప్పు సరిదిద్ది చెప్పాను. "అయితే ఈసారి వచ్చినప్పుడు చూపిస్తావా?" అంది. చూపించనన్నాను. చెట్టు ఎక్కడుందో తెలిసినా నలుగురికీ చెప్పకూడదని, చెబితే దాన్ని పట్టుకుపోయేవాళ్ళు వస్తారని వివరించాను. వానాకాలంలో రమ్మన్నాను. గిద్దలూరులో రైలెక్కి నంద్యాల దాకా కిటికీ పక్కన కూర్చోబెడతానన్నాను. సాలెపురుగు కనబడదు. అది ఉన్న అడవి కనబడుతుంది.