కోడ్ మాదాపూర్‌లో రాశాం, సర్వర్ ఎక్కడ పెట్టాం?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో హైటెక్ సిటీ గురించి మాట్లాడుకుందాం. అద్దాల బిల్డింగుల సంగతి అందరికీ తెలిసిందే, మనం సర్వర్ల సంగతి చూద్దాం.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అక్కడ కూర్చుని మనవాళ్లు ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాశారు. మరి మన వెబ్‌సైట్లు ఎక్కడుండేవి? చాలావరకు అమెరికా సర్వర్లలో! అక్కడ బ్యాండ్‌విడ్త్ చవక మరి. ఇంకో విచిత్రం చూడండి. మన దేశంలోనే ఒక ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లే డేటా కూడా చాలాసార్లు విదేశాలు చుట్టి వచ్చేది. అంటే అమీర్‌పేట నుంచి మాదాపూర్‌కి వయా అమెరికా! ఆ డేటాను ఇక్కడికిక్కడే ఇచ్చిపుచ్చుకోవడానికి 2003లో 'నిక్సీ' అనే సంస్థ పెట్టారు.

దారి కుదిరింది. ఇక సర్వర్లకి ఇల్లు కావాలి కదా? 2007లో శ్రీధర్ పిన్నపురెడ్డి హైదరాబాద్‌లో కంట్రోల్‌ఎస్ మొదలుపెట్టారు. టైర్-4 ప్రమాణాలతో డేటా సెంటర్ కట్టారు. టైర్-4 అంటే ఏంటంటే, ఏడాది మొత్తమ్మీద సుమారు 26 నిమిషాలకు మించి సర్వీసు ఆగకూడదు. టైర్-1 అయితే దాదాపు 29 గంటలు ఆగొచ్చు. ఇంత తేడా ఎలా వస్తుంది? కరెంటు వచ్చే దారి, ఏసీ, ఫైబర్... ఏది చెడిపోయినా వెంటనే అందుకోవడానికి ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. ఏదో ఒకటి ఏదో ఒక రోజు చెడిపోతుందని ముందే అనుకుని కడతారన్నమాట.

హైదరాబాదే ఎందుకు? దక్కన్ పీఠభూమి మీద ఉంది కాబట్టి భూకంపాల భయం తక్కువ. సముద్రం దూరం. 2014లో విశాఖని హుద్‌హుద్ కొట్టినట్టు ఇక్కడ తుపాను నేరుగా కొట్టదు. లోటు కూడా అదే. సముద్రం కింది కేబుళ్లు ముంబై, చెన్నై లాంటి తీరాల్లోనే ఒడ్డెక్కుతాయి, అక్కడి నుంచి ఫైబర్ మీద ఇక్కడికి రావాలి.

2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ మన దగ్గర హైదరాబాద్ రీజియన్ తెరిచింది. ముంబై తర్వాత దేశంలో వాళ్లకి ఇది రెండోది. ఇందులో మూడు జోన్లున్నాయి, దేని కరెంటు దానిదే. ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి. సైబర్ టవర్స్ వచ్చిన 24 ఏళ్లకి ఇక్కడిదాకా వచ్చాం.

ఇంత కట్టాక భయం లేనట్టేనా? అదే 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడి 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఎవరూ గోడ దూకలేదు. ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ మెయిళ్లతో లోపలికొచ్చారని పోలీసులు తేల్చారు. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఒక రూల్ పెట్టింది: ఇలాంటి దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి.

రేపు మీరు చిన్న షాపుకో, కాలేజీ ఫెస్ట్‌కో సైట్ పెడతారనుకోండి. కరెంటు, బిల్డింగు, కాపలా హోస్టింగ్ కంపెనీ చూసుకుంటుంది. పాస్‌వర్డ్, అప్‌డేట్లు, ఇంకోచోట దాచిన బ్యాకప్... ఇవి మాత్రం మనమే చూసుకోవాలి. ఆ బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో కూడా ఒకసారి చెక్ చేసి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!