ఎవరు తరిమితే పరుగెత్తారు?

నేను పరుగు మొదలుపెట్టానని ఫోనులో చెప్పినప్పుడు తెనాలి నుంచి మా అమ్మ వేసిన మొదటి ప్రశ్న, "ఎవరు తరుముతున్నార్రా నిన్ను?" అని. ముప్ఫై నాలుగేళ్ళకే కొలెస్టరాల్ తరుముతోందమ్మా అన్నాను. రోజూ పదిమందికి నడవండి, కొవ్వు తగ్గించండి అని చెప్పే డాక్టరు తన రక్తపరీక్ష చూసుకుని జడుసుకోవడం వింతేమీ కాదు. మన సంఘంలో డాక్టర్లకి కొదవ లేదు గనక యీ సంగతి చాలామందికి అనుభవమే అయివుంటుంది. అమ్మ ప్రశ్న మాత్రం కిందటి శరదృతువులో నా వెంట జర్మనీ దాకా వచ్చింది.

అందుకు కారణం నా దగ్గరికి వచ్చే ఒక ఆమిష్ రైతు. పేరు చెప్పను, వృత్తిధర్మం. మేముండే పెన్సిల్వేనియా జిల్లాలో గుర్రపు బగ్గీలు కనపడితే మన పిల్లలు కారులోంచి చేతులూపుతారు కదా, ఆ బగ్గీల తాలూకు మనిషి. ఎనభై దాటాయి, గుండె బలహీనపడింది. భార్యతో తమ భాషలోనే మాట్లాడతాడు. దాన్ని బయటివాళ్ళు "పెన్సిల్వేనియా డచ్" అంటారు గాని దానికి హాలెండుతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళ నోట అది "డైచ్", అంటే జర్మనే. అందులో ఎక్కువ పాలు రైన్ నది ఒడ్డున వున్న పాలటినేట్ సీమ మాండలికం. మా వాళ్ళు 1737లో చార్మింగ్ నాన్సీ అనే ఓడలో వచ్చారని ఆయన నిన్న జరిగినట్టు చెప్తాడు. హైడెల్‌బర్గ్‌లో వైద్యసమావేశానికి వెడుతున్నానంటే ఒక్కటే అడిగాడు: అక్కడ బంగాళాదుంపని యిప్పటికీ గ్రుంబీరె అంటున్నారేమో కనుక్కురమ్మని.

సమావేశం అయిన మర్నాడు రైలెక్కి నాయ్‌ష్టాట్ అనే వూరికి వెళ్ళాను. తూర్పున రైన్ మైదానం, పడమట అడవి కప్పిన కొండలు. ఆ రెండింటి నడుమ, కొండల అంచు పట్టుకుని, ఉత్తర దక్షిణాలుగా యాభై మైళ్ళ పొడవున ద్రాక్షతోటలు. చలి తక్కువ గనక అత్తిచెట్లు, బాదం చెట్లు కూడా బతుకుతున్నాయి. తోటలు దాటి కాస్త ఎక్కితే చెస్ట్‌నట్ చెట్లు, వాటి ముళ్ళకాయలు బూట్ల కింద. పాతరోజుల్లో ద్రాక్షతీగలకి ఊతకర్రలు యీ చెట్లే యిచ్చేవి. ఇంకా పైకి వెడితే పైన్లు, యిసుక, కోసినట్టు నిలబడ్డ ఎర్రరాళ్ళు. దారి తప్పుదామన్నా తప్పలేం. 1902లో పుట్టిన ఫాల్ట్స్ అడవి సంఘం వాళ్ళు చెట్ల మీద రంగుపట్టీలు వేసి పెట్టారు. పరుగెత్తేవాడికి యింతకన్న ఏం కావాలి? కాని ప్రతి మలుపులోనూ తల ఎత్తితే పైన ఒక కోట కనపడుతుంది. దాదాపు ప్రతిదీ మొండిగోడే.

మొదట నేనూ అందరిలాగే కాలం తినేసింది గాబోలు అనుకున్నాను. కాలం తినలేదు. మనుషులు తగలబెట్టారు, అదీ వంతులు వేసుకున్నట్టు. 1525లో రైతులు పన్నులు, వెట్టి భరించలేక తిరగబడి కోటల మీద పడ్డారు. 1552లో ఒక సేనాధిపతి స్పైయర్ బిషప్పు మీద పగతో హంబాఖ్ కోటకి నిప్పుపెట్టాడు. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫైయేళ్ళ యుద్ధంలో వూళ్ళకి వూళ్ళే ఖాళీ అయ్యాయి. న్యాయంగా చెప్పాలంటే, ఇంగ్లండు రాజు రిచర్డుని 1193లో బంధించిన ట్రిఫెల్స్ కోట మాత్రం 1602లో పిడుగు పడి కాలింది.

అన్నిటికన్న పెద్ద మంట 1689 నాటిది. 1685లో పాలటినేట్ పాలకుడు పిల్లలు లేకుండా పోయాడు. ఆయన చెల్లెలు లీజెలొట్టని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తమ్ముడికిచ్చారు. ఇంకేం, మా మరదలి వాటా అంటూ లూయీ 1688లో సైన్యాన్ని దింపాడు. ఆస్తి తగాదాలు మనకీ తెలుసు, మా తాలూకాలో గట్టు దగ్గర తలలు పగిలిన సందర్భాలున్నాయి గాని యింత దూరం పోలేదు. యూరపు దేశాలు ఏకమయ్యేసరికి సీమని నిలుపుకోలేమని ఫ్రెంచివాళ్ళకి తెలిసిపోయింది. తమకి దక్కనిది శత్రువుకి పనికిరాకూడదని పద్ధతిగా కాల్చారు. మాన్‌హైమ్, హైడెల్‌బర్గ్, స్పైయర్, వర్మ్స్. జనానికి ముందే చెప్పి, సామాను తీసుకుపొమ్మని, ఆ తర్వాతే నిప్పుపెట్టిన చోట్లూ వున్నాయి. తన పుట్టినిల్లు తన పేరు మీదే తగలబడుతోందని లీజెలొట్ట వెర్సాయిలో కూర్చుని ఉత్తరాల్లో ఏడ్చింది. ఆ దండులోని సేనాని మెలాక్ పేరుని అక్కడివాళ్ళు తరతరాలు కుక్కలకి పెట్టుకున్నారు.

ఆమిష్ వాళ్ళకి దగ్గర బంధువులైన మెనొనైట్లు యీ సీమకి వచ్చింది ఒక మంటకీ యింకో మంటకీ నడుమ. ముప్ఫైయేళ్ళ యుద్ధం తర్వాత బీడుపడ్డ పొలాలు దున్నేవాళ్ళు లేక, స్విట్జర్లాండులో మతం కారణంగా వేధింపబడుతున్న వాళ్ళని 1664లో పాలకుడు అనుమతి పత్రం యిచ్చి మరీ రానిచ్చాడు. షరతులతో కూడిన ప్రవేశం, ప్రత్యేకంగా పన్ను. మనలో వీసా కాగితాల సంచీ సర్దుకున్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

1709 శీతాకాలంలో తీగలు మొదలంటా గడ్డకట్టాయి. అప్పటికే కోఖర్‌తాల్ అనే పాద్రీ కరోలినా సీమని పొగుడుతూ రాసిన పుస్తకం చేతులు మారుతోంది. పైన ఇంగ్లండు రాణి ఆన్ బొమ్మ, బంగారు అక్షరాలు. జనం దాన్ని బంగారు పుస్తకమనేవారు. గల్ఫు ఏజెంటు రంగుకాగితాలకి యిది ముత్తాత అన్నమాట. ఆ ఏడు పదమూడువేల మంది దాకా రైన్ వెంట పడవల్లో దిగి లండను చేరారు. బ్లాక్‌హీత్ మైదానంలో గుడారాలు. అందరూ పాలటినేట్ వాళ్ళు కారు, అయినా లండను వాళ్ళకి అందరూ "పాలటైన్లే", ఉత్తరాదిన మనందర్నీ మద్రాసీలన్నట్టు.

వాళ్ళలో సుమారు మూడువేల మందిని 1710లో న్యూయార్కు ఓడలెక్కించారు. ఓడల్లో టైఫస్ పట్టుకుంది. పేల ద్వారా పాకే జబ్బు. కిక్కిరిసిన చోట, బట్ట మార్చుకునే వీలు లేని చోట దానికి పండగే. వందల మంది పోయారు. మిగిలినవాళ్ళని హడ్సన్ ఒడ్డున నౌకాదళానికి తారు తీసే పనిలో పెడితే ఆ చెట్ల నుంచి తారు రాలేదు, తిండి గింజలూ సరిగా అందలేదు. అదే ఓడల్లో తండ్రిని పోగొట్టుకుని దిగిన ఒక పిల్లవాడు అచ్చుపని నేర్చుకున్నాడు. పేరు జాన్ పీటర్ జెంగర్. గవర్నరుని విమర్శిస్తూ పత్రిక అచ్చువేసి, 1735లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇవన్నీ నెమరేసుకుంటూ హంబాఖ్ కోట ఎక్కాను. 1832 మే 27న యీ దారినే ఇరవై, ముప్ఫై వేల మంది నలుపు ఎరుపు బంగారు రంగుల జెండాలతో ఎక్కారు. పత్రికా స్వేచ్ఛ కావాలి, జర్మన్లంతా ఒకటి కావాలి అన్నారు. ఆడవాళ్ళనీ పనిగట్టుకుని పిలిచారు. సుంకాల దెబ్బ తిన్న ద్రాక్షరైతులు నల్లజెండా పట్టుకొచ్చారు. సభకి స్వాగతం పలికినాయన నాయ్‌ష్టాట్ డాక్టరు ఫిలిప్ హెప్. మన వృత్తివాడని నేను కాస్త ఛాతీ విరిచి మెట్లెక్కానని ఒప్పుకోవాలి. అప్పుడు సీమ బవేరియా చేతిలో వుంది. సైన్యం వచ్చింది, నాయకులు జైలుకి పోయారు. పదేళ్ళకే, 1842లో, అదే కోటని బవేరియా యువరాజుకి కానుకగా సమర్పించుకున్నారు! ఇలాంటి సన్మానాలు మనమూ చూశాం.

వలస ఆగలేదు. లాండౌలో 1840లో పుట్టిన థామస్ నాస్ట్ ఆరేళ్ళకి న్యూయార్కు చేరి, రిపబ్లికన్ పార్టీకి ఏనుగు గుర్తు పాతుకునేలా బొమ్మలు గీశాడు. కాల్‌ష్టాట్ నుంచి 1885లో పదహారేళ్ళకి వెళ్ళిపోయిన ఫ్రీడ్రిఖ్ ట్రంప్, డబ్బు గడించి, పెళ్ళాన్ని తీసుకుని 1904లో తిరిగి వచ్చాడు. సైన్యంలో చేరాల్సిన వయసులో తప్పించుకు పోయావు, వుండడానికి వీల్లేదన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. ఆయన మనవడు రెండుసార్లు అమెరికా అధ్యక్షుడిగా నెగ్గాడు. వెనక్కి వెళ్ళిపోదాం అని శనివారం రాత్రుళ్ళు మనం మాట్లాడుకుంటాం చూడండి, అప్పుడు నాకు యీ కథ గుర్తొస్తుంది.

కోట మీంచి కాల్మిట్ వైపు అడవిలో ఏటవాలుగా ఎక్కుతుంటే వూపిరి అందక మధ్యలో సంఘం వారి గుడిసె దగ్గర ఆగాను. ఆ కొండ 673 మీటర్లేనని కొట్టిపారేయకండి, మోకాళ్ళకి ఆ లెక్క తెలియదు. వడ్డిస్తున్న ముసలావిడని, శాకాహారం ఏముందని సైగలతో అడుగుతూ, "గ్రుంబీరె?" అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "గ్రుంబేరె! గ్రుంబేరె!" అంటూ లోపలున్నవాళ్ళని కేకేసింది. ఒక నల్లటి మనిషి నోట తమ యింటి మాట ఎలా వచ్చిందో వాళ్ళకి చెప్పడానికి నా విరిగిన జర్మన్ చాలలేదు. ఉడికించిన దుంపలు, మీగడపెరుగు లాంటి తెల్లజున్ను పెట్టి, డబ్బు తీసుకోమన్నారు.

దిగేటప్పుడు మళ్ళీ ద్రాక్షతోటలు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన పేనుబంక లాంటి ఒక పురుగు యూరపు తీగల వేళ్ళు పీల్చి చంపేసింది. చివరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీదే యూరపు కొమ్మ అంటుకట్టి బతికించుకున్నారు. తోటల నడుమ సాగే "వైన్ రోడ్డు" 1935లో నాజీ నాయకుడు బ్యూర్కెల్ ప్రారంభించినది. తరాలుగా సారా అమ్మిపెట్టిన యూదు వర్తకులని తరిమేశాక సరుకు పేరుకుపోతే, గిరాకీ కోసం వేసిన ఎత్తు. 1940 అక్టోబరు 22న యీ వూళ్ళలో మిగిలిన యూదులని, పక్క బాడెన్ సీమవాళ్ళతో కలిపి ఆరున్నరవేల మందికి పైగా, రైళ్ళలో ఫ్రాన్సులోని గుర్స్ శిబిరానికి పంపేశారు. దారి పక్క పలకల మీద పరుగుపందాల ప్రకటనలు చూస్తూ నడిచాను. పరుగెత్తబుద్ధి కాలేదు.

తిరిగొచ్చాక ఆ పెద్దాయన చూపించుకోవడానికి వచ్చాడు. ఇంకా గ్రుంబీరె అనే అంటున్నారని చెప్తే, అనక ఏమంటారన్నట్టు చూశాడు. దారిలో ఏరుకున్న ఎర్ర యిసుకరాతి ముక్క యిచ్చాను. గోరుతో గీకి, రాలిన పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. భార్యకి డైచ్‌లో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఏమన్నారని అడిగాను.

"ఈ నేలలో దుంప వూరదు. వచ్చేశారంటే వచ్చేశారు మరి" అని, రాయి మాత్రం కోటు జేబులో వేసుకున్నాడు.