సైలోలో ఎంతుంది? తాడు నుంచి రాడార్ దాకా

ఈ ఎపిసోడ్‌లో సైలోల గురించి మాట్లాడుకున్నాం. డ్యూటీలో ఉండి వినలేని వాళ్ళ కోసం అదే విషయం ఇక్కడ రాస్తున్నా.

సీబ్‌లో ఉండేవాళ్ళకు సైలో కొత్త కాదు. రుసైల్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ 1983లో వచ్చింది. ఆ దిక్కే ఒమన్ సిమెంట్ ఫ్యాక్టరీ, చుట్టుపక్కల రెడీమిక్స్ ప్లాంట్లు. మనం రెడీమిక్స్‌తో పోసే ప్రతి స్లాబులో సిమెంటు ఏదో ఒక సైలోలోంచి దిగిందే. రోజూ చూస్తాం, కానీ లోపల ఎంతుందో ఎవరికీ కనపడదు. లోపల ఎంతుంది, అది కిందికి పారుతోందా లేదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే సైలో చరిత్ర. ఆ జవాబు కోసం మనిషిని లోపలికి పంపిన కాలమూ ఉంది, ఇంకా పంపుతున్న చోట్లూ ఉన్నాయి. అందుకే ఈ చరిత్ర మనకు కావాలి.

మన ఊళ్ళ నుంచే మొదలుపెడదాం. జగిత్యాల దిక్కు వడ్లు పోసేదాన్ని గుమ్మి అంటారు, కోస్తావాళ్ళు గాదె అంటారు. జొన్నలకు భూమిలో తవ్విన పాతర. గుమ్మిలో ఎంతుందో చెయ్యి పెట్టి చూసేవాళ్ళు, లేదా బయట నుంచి తట్టి చప్పుడు వినేవాళ్ళు. పాతర తీస్తే మాత్రం వెంటనే దిగేవాళ్ళు కాదు. మూత తీసి గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే దిగేవాళ్ళు. మూసిన చోట గింజ గాలిని చెడగొడుతుందని చదువు రాని మన తాతలకు తెలుసు. ఈ రోజు సేఫ్టీ ఆఫీసర్ కన్‌ఫైన్డ్ స్పేస్ అని చెప్పే పాఠం అదే.

1842లో అమెరికాలోని బఫెలో ఊరిలో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి, రాబర్ట్ డన్‌బార్ అనే ఇంజనీరు కలిసి ఆవిరి యంత్రంతో గింజలను పైకెత్తే గోదాం కట్టారు. బకెట్లున్న బెల్టు ఓడలోంచి గింజలను తోడి ఎత్తైన గదుల్లో పోసేది. మోసే కూలీల పని తగ్గింది గానీ కొత్త చిక్కొచ్చింది. అంత లోతు గదిలో చెయ్యి పెట్టి చూసేదెట్లా? పైనుంచి తాడుకు బరువు కట్టి వదలడం, గోడను సుత్తెతో కొట్టి చప్పుడు వినడం, అదీ కాకపోతే మనిషిని దింపడం. ఇవే దారులు.

అడుగున ఎంత బరువు పడుతోందో చూసి ఎత్తు లెక్క కడితే సరిపోదా అని మీరు అడగొచ్చు. నీళ్ళ ట్యాంకులో అది సరిపోతుంది. గింజలకు, పొడికి సరిపోదు. 1895లో జర్మనీ ఇంజనీరు జాన్సెన్ గింజలతో ప్రయోగాలు చేసి దీన్ని లెక్కగట్టి చూపించాడు. గింజలు గోడను ఒరుసుకుని నిలబడతాయి కాబట్టి చాలా బరువు గోడ మీదికి పోతుంది. కొంత ఎత్తు దాటాక పైన ఎంత పోసినా అడుగున ఒత్తిడి పెద్దగా పెరగదు. సైలో డిజైన్‌లో ఆయన లెక్క నేటికీ వాడుతున్నారు.

ఇక పనిముట్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. తిరిగే రెక్క స్విచ్ మీలో చాలామంది చూసే ఉంటారు. చిన్న మోటారు రెక్కను నెమ్మదిగా తిప్పుతుంది, పొడి తగిలితే రెక్క ఆగుతుంది, అలారం మోగుతుంది. 1953లో జర్మనీలోని లోరాక్‌లో ఎండ్రెస్, హౌజర్ అనే ఇద్దరు కలిసి పెట్టిన కంపెనీ కరెంటు గుణంతో మట్టం కనిపెట్టే కడ్డీలను అమ్మడంతోనే మొదలైంది. పాత తాడూ బరువూ పోలేదు, వాటికే మోటారు కట్టారు. సైలో కాళ్ళ కింద లోడ్ సెల్ పెట్టి మొత్తం బరువు తూచడం వచ్చింది. ఇప్పుడు దుమ్ములోంచి కూడా చూడగల 80 గిగాహెర్ట్జ్ రాడార్లు ఉన్నాయి.

అయినా స్క్రీన్ మీది నంబరును గుడ్డిగా నమ్మొద్దు. పొడి పైభాగం నీళ్ళలా సమంగా ఉండదు. పోసిన చోట కుప్ప, తీసిన చోట గుంత. రాడార్ ఒక్క చోటే చూస్తే ఆ చోటి మట్టమే చెబుతుంది. పైగా బల్కర్ నుంచి గాలితో కొట్టిన సిమెంటు పొంగి ఉంటుంది. కాసేపటికి గాలి పోయి కుదురుకుంటే, టన్నులు అవే ఉన్నా మట్టం దిగుతుంది.

రెండో ప్రశ్న పారుడు. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో ఆండ్రూ జెనికె పొడి ఎందుకు ఇరుక్కుంటుందో ఏళ్ళ తరబడి పరీక్షించి 1964లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన చూపించిన చిక్కుల్లో రెండు మనకు ముఖ్యం. ఒకటి, హాపర్ నోటి మీద పొడి కమానులా గట్టిపడి నిలబడడం. రెండోది, మధ్యలో బావిలా బొక్క పడి, చుట్టూ ఉన్నది గోడకు అంటుకుని ఉండిపోవడం. అప్పుడు నంబరు నిండా చూపిస్తుంది, కింద స్క్రూ కన్వేయర్ ఖాళీగా తిరుగుతుంది, మోటారు ఆంపియర్లు పడిపోతాయి. "లోపలికి పోయి పొడువు" అనే మాట వచ్చేది సరిగ్గా ఈ సమయంలోనే.

ఆ మాట ఎంత పని చేస్తుందో 2010 జులైలో అమెరికాలోని మౌంట్ క్యారల్‌లో తెలిసింది. మక్కలు గడ్డకట్టి దిగడం లేదని కుర్రాళ్ళను బిన్‌లోకి పంపారు. కింద కన్వేయర్ నడుస్తూనే ఉంది, వాళ్ళకు బెల్టూ తాడూ లేవు. 14 ఏళ్ళ పిల్లవాడు, 19 ఏళ్ళ యువకుడు గింజల్లో మునిగి చనిపోయారు. మూడో అబ్బాయిని కాపాడగలిగారు. లోపల మనిషి ఉండగా కన్వేయర్ నడపొద్దని అక్కడ 1988 నుంచే రూలు ఉంది. అయినా ఆ ఒక్క ఏడాదిలో ఆ దేశంలో 26 మంది ఇట్లా పోయారు. డబ్బున్న దేశం, రూలున్న దేశం, రాడార్లున్న దేశం. అయినా పంపారు.

ప్రమాదం లోపలే అనుకోవద్దు. బల్కర్ రెండు బార్ దాకా ప్రెషర్‌తో సిమెంటు కొడుతుంది, సైలో మాత్రం అంత ప్రెషర్‌కు కట్టింది కాదు. మట్టం దాటినా, పైన ఫిల్టర్ మూసుకుపోయినా గాలికి దారి ఉండదు. ఫిల్టరే ఎగిరి కింద పడొచ్చు. నేను పనిచేసిన ఒక ప్లాంటులో, పేరు వద్దు, ఊరికే మోగుతోందని హై లెవల్ అలారం వైరు పీకేసి ఉంచారు. మేం ఆ వైరు కలిపించే దాకా బల్కర్ పైపు తగిలించనివ్వలేదు. డ్రైవర్‌కు ఒక గంట పోయింది, అంతే.

సైలో ఇరుక్కుంటే బయట నుంచే చేసే పనులున్నాయి. అడుగున గాలి పాడ్లు ఆడించాలి, వైబ్రేటర్ వాడాలి. వాటితో కాకపోతే శుభ్రం చేసే పనిముట్లున్న వాళ్ళను పిలవమని పైవాళ్ళకు చెప్పాలి. సుత్తెతో బాదితే రేకు సొట్టపడి, ఆ సొట్ట దగ్గరే మళ్ళీ ఇరుక్కుంటుంది. లోపలికి దిగాల్సిందే అంటే మూడు అడగండి: స్క్రూ కరెంటు ఆపి తాళం వేశారా? లోపలి గాలి పరీక్షించారా? నాకు కట్టిన తాడు పట్టుకుని బయట ఎవరున్నారు? మూడింటికీ జవాబు ఉండి, పర్మిట్ చేతిలో ఉన్నా, పైన వేలాడే సిమెంటు కిందికి మాత్రం పోవద్దు.

భాష రాదని ఊరుకోకండి. "పర్మిట్" అనే మాట ఇక్కడ అన్ని భాషల వాళ్ళకూ తెలుసు, అది ఒక్కటి అడిగినా చాలు. లోపల ఎంతుందో తేల్చడానికి తాడు ఉంది, రెక్క ఉంది, లోడ్ సెల్ ఉంది, రాడార్ ఉంది. అన్నీ చెడిపోతే ఆ రోజుకు పోత ఆపుతారు, రేపు పోస్తారు.