సర్క్యూట్ బోర్డును చెక్కే మొన: ఒక పనిముట్టు చరిత్ర

6.1 ఉపోద్ఘాతం

ఇంట్లో సర్క్యూట్ బోర్డు తయారుచేసుకోవడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది మీలో కొందరు చేసి చూసే ఉంటారు. రాగి రేకు అతికించిన బోర్డు మీద మనకు కావలసిన దారులను చెరగని సిరాతో కప్పి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే, కప్పని రాగి అంతా కరిగిపోతుంది. రెండవది చెక్కడం. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే చిన్న మిల్లింగ్ యంత్రం సన్నని మొనతో ప్రతి దారి చుట్టూ గాడి తీసి, ఆ దారిని పక్క రాగి నుంచి వేరు చేస్తుంది. ఇందులో రసాయనాలతో పని లేదు, బట్టల మీద మరకలు పడవు.

ఈ రెండవ పద్ధతి ఇళ్ళలోకి రావడానికి కంప్యూటర్లు చౌక కావడమే కారణమని సాధారణంగా చెబుతారు. ఇది సగం నిజం మాత్రమే. యంత్రాన్ని ఎంత నేర్పుగా నడిపినా, బోర్డును తాకేది మిల్లీమీటరులో పదోవంతు వెడల్పున్న మొన. అది నిలబడకపోతే మిగిలినదంతా వృథా. కాబట్టి ఈ పాఠంలో మనం యంత్రం కంటే మొన చరిత్రనే ఎక్కువగా పరిశీలిద్దాం.

6.2 ఉక్కు పరిమితి

పారిశ్రామిక విప్లవ కాలంలో లోహాన్ని కోసే పనిముట్లు కార్బన్ ఉక్కుతో చేసినవి. రాపిడికి అంచు వేడెక్కి 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ ఉక్కు మెత్తబడుతుంది. ఇంగ్లండులో రాబర్ట్ ముషెట్ 1868లో టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును తయారుచేశాడు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ ఇటువంటి ఉక్కును ఎంత వేడి వద్ద పదును పెట్టాలో పరీక్షించి హైస్పీడ్ స్టీల్‌ను రూపొందించారు. 1900 పారిస్ ప్రదర్శనలో దానితో లేత్ నడిపినప్పుడు లోహపు పొట్టు వేడికి నీలిరంగు తిరిగి ఊడిపడింది. అయినా పనిముట్టు అంచు చెక్కుచెదరలేదు. ఈనాటికీ హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు డ్రిల్ బిట్ ఎక్కువగా ఈ ఉక్కే. ఇనుముకు, అల్యూమినియానికి అది చాలు. గాజుకు చాలదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి.

6.3 వజ్రం లాంటిది

తరువాతి అడుగు లోహపు పనివారి నుంచి రాలేదు, విద్యుద్దీపాల పరిశ్రమ నుంచి వచ్చింది. బల్బులోని టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగడానికి వజ్రానికి రంధ్రం చేసిన అచ్చులు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి వజ్రాలు దొరకడం కష్టమైంది. ప్రత్యామ్నాయం కోసం వెతుకుతూ, బెర్లిన్‌లోని ఓస్రామ్ సంస్థలో కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడికి కొద్దిపాటి కోబాల్ట్ కలిపి, గట్టిగా అదిమి, 1,400 డిగ్రీల ప్రాంతంలో కాల్చాడు. కార్బైడ్ కాఠిన్యం తెలిసినదే, కానీ అది పెళుసు. కరిగిన కోబాల్ట్ ఆ రేణువుల మధ్య చేరి వాటిని ఇటుకల మధ్య సిమెంటులా పట్టి ఉంచింది. దీనికి 1923లో పేటెంట్ దరఖాస్తు చేశారు. హక్కులు పొందిన క్రుప్ సంస్థ ‘విడియా’ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. జర్మన్ భాషలో ‘వజ్రంలాగా’ అనే మాటల కుదింపు అది.

పేరుకు తగ్గట్టే ధర కూడా వజ్రాన్ని గుర్తుచేసింది. 1928లో క్రుప్, అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ మార్కెట్లను పంచుకొన్నాయి. ఆ తరువాత అమెరికాలో కార్బైడ్ ధర ఒక దశలో పౌండుకు 450 డాలర్లు దాటింది. మంచి పనిముట్టు ఉన్నా చిన్న వర్క్‌షాపు దాన్ని కొనలేని పరిస్థితి. అమెరికా ప్రభుత్వం 1940లో అభియోగం మోపగా, 1948లో జనరల్ ఎలక్ట్రిక్ దోషిగా తేలింది. సాంకేతిక చరిత్రలో ఆవిష్కరణ తేదీలను మాత్రమే చదివే విద్యార్థికి ఈ ఇరవై ఏళ్ళ ఆలస్యం కనిపించదు. మన దేశంలో విడియా పేరుతోనే 1964లో బెంగళూరులో ఒక కంపెనీ ఏర్పడింది.

6.4 గాజు బోర్డు

ఇక బోర్డు సంగతి. వియన్నా నుంచి బ్రిటన్‌కు వచ్చిన పాల్ ఐస్లర్, రాగి రేకుపై దారులను ముద్రించి మిగిలినది కరిగించే పద్ధతికి 1943లో పేటెంట్ దరఖాస్తు చేశాడు. మొదటి బోర్డుల్లో చాలా వాటికి కాగితానికి ఫినాలిక్ రెసిన్ పట్టించిన అట్ట వాడేవారు. తరువాత గాజు నూలు బట్టకు ఎపాక్సీ రెసిన్ పట్టించిన బోర్డు వచ్చింది. నేడు ఎఫ్ఆర్-4 అని పిలిచేది ఈ రకమే. తేమకు ఉబ్బదు, బలంగా ఉంటుంది. కానీ రంధ్రం చేసే ఉక్కు బిట్‌ను గాజు పోగులు గరుకురాయిలా అరగదీస్తాయి. కొన్ని పదుల రంధ్రాలకే అంచు మొద్దుబారుతుంది. అందుకే బోర్డు పరిశ్రమ మొత్తం కార్బైడ్‌కు మారింది.

మన కథకు ఇదే మలుపు. ఒక్కో బోర్డుకు వందల రంధ్రాలు కావాలి కాబట్టి సన్నని కార్బైడ్ బిట్లను ఫ్యాక్టరీలు లక్షల సంఖ్యలో తయారుచేశాయి. యంత్రాలన్నింటికీ సరిపడేలా వాటి కాడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. కొన్ని వేల రంధ్రాల తరువాత ఫ్యాక్టరీలు తీసేసిన బిట్లకు మళ్ళీ పదునుపెట్టి అమ్మేవారు బయలుదేరారు. ఇంటి యంత్రాల కాలెట్ కూడా ఆ కొలతకే రావడానికి కారణం ఇదే. గాడి తీసే మొన కూడా అదే కడ్డీ: ఒక కొసను సగానికి అరగదీసి, కోణంగా సానబెడతారు.

బోర్డును చెక్కే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. జర్మనీలో 1976లో ప్రారంభమైన ఎల్‌పీకేఎఫ్ సంస్థ పేరుకు మూలం, సర్క్యూట్ బోర్డును నకలు చూసి మిల్లింగ్ చేయడమే. కానీ అవి ప్రయోగశాలలకు పరిమితం. 1952లో ఎంఐటీలో ప్రదర్శించిన సంఖ్యా నియంత్రిత మిల్లింగ్ యంత్రపు వారసులు ఇంటి బల్లమీదికి చేరడానికి, ఆర్డ్యూనో వంటి చౌక బోర్డు, దానిపై నడిచే జీఆర్‌బీఎల్ వంటి ఉచిత ప్రోగ్రాం రావలసి వచ్చింది. జీఆర్‌బీఎల్ 2009లో మొదలైంది.

6.5 లోతు, వెడల్పు, ధూళి

కోణపు మొన వాడేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. గాడి వెడల్పు = మొన వెడల్పు + 2 × లోతు × కోణంలో సగానికి టాన్ విలువ. మొన 0.1 మి.మీ., కోణం 60 డిగ్రీలు, లోతు 0.1 మి.మీ. అయితే గాడి సుమారు 0.22 మి.మీ. బోర్డు ఒక మూల కొంచెం ఉబ్బి లోతు 0.2 మి.మీ. అయిందనుకోండి, గాడి 0.33 మి.మీ. అవుతుంది. సన్నని దారి కాస్తా మాయమవుతుంది. అదే 30 డిగ్రీల మొన అయితే 0.15 నుంచి 0.21 వరకే మారుతుంది, కాని ఆ సన్నని కొస త్వరగా విరుగుతుంది. రాగి మందం సాధారణంగా 0.035 మి.మీ. మాత్రమే కాబట్టి లోతు ఎక్కువ పెట్టడంలో లాభం లేదు.

వేగం విషయంలోనూ పొరబడతారు. నిమిషానికి 10,000 తిరుగుళ్ళంటే చాలా వేగమనిపిస్తుంది. 0.2 మి.మీ. వ్యాసం ఉన్నచోట అంచు నిమిషానికి ఆరు మీటర్ల చిల్లర మాత్రమే కదులుతుంది. లేత్‌పై మెత్తని ఉక్కును కోసే మామూలు హైస్పీడ్ స్టీల్ పనిముట్టు ఇంతకు నాలుగైదు రెట్లు వేగంగా కోస్తుంది. ఇంత నెమ్మదైన అంచును తొందరపెట్టి బోర్డులోకి నెడితే మొన కోయదు, విరుగుతుంది. కోబాల్ట్ కలిసినా కార్బైడ్ పెళుసుదనం పూర్తిగా పోలేదు.

ఎఫ్ఆర్-4ను చెక్కినప్పుడు లేచే పొడిలో గాజు ఉంటుంది. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. పడక గదిలో ఈ పని చేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఎంఐటీలో మొదలైన ఫ్యాబ్ ల్యాబ్‌లలో అందుకే గాజు లేని పాత కాగితపు రకం, ఎఫ్ఆర్-1 బోర్డునే వాడతారు. దారులకు అంగుళంలో 64వ వంతు, అంటే దాదాపు 0.4 మి.మీ. వ్యాసం గల కార్బైడ్ ఎండ్‌మిల్, బోర్డు అంచు కోయడానికి దానికి రెట్టింపుది వాడతారు. ఎంఐటీ వెలుపల తొలి ఫ్యాబ్ ల్యాబ్‌లలో ఒకటి మహారాష్ట్రలోని పాబళ్ గ్రామంలో, విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లో ఏర్పడింది. గాజు బోర్డు కోసం వృద్ధి చెందిన మొన, గాజు లేని బోర్డు మీద ఎక్కువ కాలం మన్నుతుంది. ఇల్లు కూడా శుభ్రంగా ఉంటుంది.