కుమార్తె సంకల్పము – తండ్రి మాట

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు దూరగ్రామముల నుండి ఎందరో కన్యలు విద్యార్థినులై వచ్చుచున్నారు. ప్రాంగణములోని వసతిగృహములలోను, చేరువనున్న తార్నాక వీధులలోను నివసించుచు, కొందరు శనివారోపవాసమునో, ధనుర్మాస నియమమునో సంకల్పించుచుందురు. తండ్రికి ఆ సంగతి కొన్నాళ్లకు తెలియును. "పరీక్షల వేళ ఉపవాసము వద్దు తల్లీ, మానివేయి" అని ఆయన పలికినచో, భగవంతునికిచ్చిన మాట తొలగునా, నిలుచునా? ఈ ధర్మసందేహము అతి ప్రాచీనమైనది. ఇరు సంప్రదాయములు దీనిని భిన్నముగా విచారించినవి.

యూదుల తోరాలో సంఖ్యాకాండము 30వ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. తండ్రి ఇంటనున్న కన్య మ్రొక్కుకొనగా, తండ్రి విని మౌనము వహించినచో ఆ మ్రొక్కు స్థిరమగును. విన్న దినముననే నిషేధించినచో రద్దగును; దేవుడు ఆమెను క్షమించును. విధవ, భర్తచే విడువబడిన స్త్రీ చేసిన ప్రతిజ్ఞ మాత్రము వారిని పూర్తిగా బంధించును. సుమారు క్రీ.శ. 200 నాటికి సంకలితమైన మిష్నాలోని 'నెదారీమ్' ప్రకరణము ఈ విధిని సూక్ష్మముగా వివరించినది. 'దినము' అనగా ఇరువదినాలుగు గంటలు కాదు, చీకటి పడు వరకే. సాయంసంధ్యకు కొంచెము ముందు విన్న తండ్రికి ఆ కొంచెము సమయమే మిగులును. కుమార్తె పన్నెండున్నరేండ్లు దాటి ప్రౌఢయైన పిమ్మట ఈ అధికారమే అంతరించును.

మన ధర్మశాస్త్రము వేరొక మార్గమున నడచినది. స్త్రీలకు ప్రత్యేకముగా యజ్ఞము, వ్రతము, ఉపవాసము లేవని మనుస్మృతి 5వ అధ్యాయము కఠినముగా పలికినది. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల మంత్రియైన హేమాద్రి వ్రతఖండమున పురాణవచనములను ఉదాహరించి, పిత, భర్త, పుత్రుల అనుజ్ఞ లేని వ్రతము నిష్ఫలమని నిర్ణయించెను. అచ్చట తండ్రి మౌనమే సమ్మతి. ఇచ్చట ముందుగా అనుజ్ఞ కావలెను. కాళిదాసుని కుమారసంభవమున పార్వతి సైతము తపస్సునకు ముందు సఖీముఖమున తండ్రి అనుమతిని కోరినది. తల్లి వారించినను హిమవంతుడు సమ్మతించెను.

మరి ఆరంభించిన వ్రతము మాటేమి? అరణ్యపర్వమున, ఎఱ్ఱన తెనిగించిన భాగములోని సావిత్రీ ఉపాఖ్యానము దీనికి సమాధానము. మూడు రాత్రుల కఠోరవ్రతము పూనిన కోడలిని చూచి ద్యుమత్సేనుడు దుఃఖించెను. అయినను వ్రతమును విడువుమని తాను చెప్పజాలనని, పూర్తి చేయుమనుటయే తనవంటివానికి తగునని మూలభారతమున పలికెను. పితృతుల్యుడైన ఆ వృద్ధుడు తన అధికారమునకు తానే హద్దు గీసికొనెను.

అట్లని శాస్త్రము దేహమును విస్మరింపలేదు. వ్రతమును భంగపరచని ఎనిమిదింటిని విదురనీతి పేర్కొన్నది: జలము, మూలము, ఫలము, క్షీరము, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనము, ఔషధము. గర్భాధానాది సంస్కారములు చేసి అన్నముతో పోషించువానిని గురువని మనువే నిర్వచించెను గనుక, తండ్రి వాత్సల్యముతో పలికిన మాటకు ఇందు స్థానము కలదు. ఆయన మాట వ్రతమును రద్దు చేయదు. ఆయన మాట విని ఆహారము గైకొన్నను వ్రతము చెడదు.

ఇదియే ఇరు ధర్మముల భేదము. తోరా తండ్రికి మ్రొక్కును తొలగించు శక్తినిచ్చి, దానికి అస్తమయమును ఎల్లగా నిలిపినది. మన ధర్మము అనుజ్ఞను ముందుంచి, ఆరంభించిన వ్రతమును నిలిపి, దేహమునకు మాత్రము సడలింపునిచ్చినది. ప్రౌఢయైన విద్యార్థిని వాక్కును యూదధర్మమున ఏ తండ్రియు రద్దు చేయజాలడు. మన సంప్రదాయమున ఆమె సంకల్పమునకు ముందే తండ్రికి తెలుపుట శ్రేయస్కరము. ఆలస్యముగా విన్న తండ్రి "మానివేయి" అనుటకు మారుగా "పాలు, ఫలములు గైకొనుము తల్లీ, వ్రతము చెడదు" అన్నచో, కుమార్తె మాటయు నిలుచును, ప్రాణమును నిలుచును.