పసిబిడ్డ బరువు పెరుగుతోందా? కార్డులోని గీతే చెబుతుంది

బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్‌లలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు తల్లీబిడ్డల రక్షణ కార్డు సాధారణంగా ఆ రాష్ట్ర భాషలోనే అందుతుంది. ఆ లిపి రాని మన ఇళ్లలో దాన్ని టీకాల తేదీలకే దాచుకుంటాం. కానీ అందులోని ఎదుగుదల పటం చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు.

పటం చదవడం ఎలా?

పటంలో అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు ఉంటాయి. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచి చుక్క పెడతారు, చుక్కలను గీతతో కలుపుతారు. ఆకుపచ్చ భాగంలో ఉంటే వయసుకు తగ్గ బరువు. పసుపైతే తక్కువ. నారింజ లేదా ఎరుపైతే మరీ తక్కువ. ఆడపిల్లలకు, మగపిల్లలకు పటాలు వేరు.

రంగుతో పాటు గీత ఎటు పోతోందో చూడాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ గీత పసుపులో ఉన్నా, పైకి సాగుతుంటే మంచిదే. ఆకుపచ్చలో ఉన్న బొద్దు బిడ్డ గీత అడ్డంగా సాగితే ఎదుగుదల ఆగినట్టు.

ఎంత పెరగాలి?

పుట్టిన మొదటి రోజుల్లో కాస్త తగ్గడం సహజం. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 25-30 గ్రాములు పెరుగుతారు, తర్వాత వేగం తగ్గుతుంది. ఐదారు నెలలకు బరువు రెట్టింపు, ఏడాదికి దాదాపు మూడింతలు అవుతుంది.

ఏం పెట్టాలి?

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. నీళ్లు, గ్రైప్ వాటర్ వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. ఆరు నెలలు దాటాక తల్లిపాలు ఇస్తూనే నెయ్యి వేసిన మెత్తటి పప్పన్నం, గుడ్డు, అరటిపండు, రాగి జావ చిక్కగా పెట్టాలి. మన రాగులనే తమిళంలో కేళ్వరగు, మరాఠీలో నాచణి, ఒడియాలో మాండియా అంటారు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రెండు వారాలైనా పుట్టినప్పటి బరువు రాకపోయినా, గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకు చూపించాలి. బిడ్డ పాలు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, రెండు పాదాలూ వాచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దిష్టి తీసినా తప్పులేదు, ఆసుపత్రికి మాత్రం ఆలస్యం కాకూడదు.

బరువు తూచిన ప్రతిసారీ కార్డు చేతికి తీసుకుని, గీత ఎటు పోయిందో వేలు పెట్టి చూపించమని అడుగుదాం. అందుకు ఏ భాషా అడ్డు కాదు.