వెధవ లేని రాజ్యంలో తిట్లు

నాలుగు నెలలుగా రాత్రిళ్ళు కూర్చుని ఓ కథ రాస్తున్నాను. అచ్చంగా చందమామ బాపతు కాదు, కాస్త మ్యాపులూ గట్రా ఉన్న ఫాంటసీ అన్నమాట. ఎడారి రాజ్యం. నీళ్ళు కొలిచి పోస్తారు. ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్తుంది. మొగుడు పోయిన ఆడవాళ్ళు ఊరి సభలో పెద్ద పీట మీద కూర్చుని తీర్పులు చెప్తారు. ఇంత డిజైనూ చేసుకుని, మొదటి అధ్యాయంలోనే సేనాపతి చేత ఓ కుర్ర సైనికుణ్ణి "ఒరేయ్ వెధవా!" అని తిట్టించాను.

మా ఆవిడ చదివి, "ఏమండీ, మీ రాజ్యంలో మొగుడు పోతే పెద్దరికం వస్తుందన్నారు కదా. మరి ఇది తిట్టా, బిరుదా?" అంది.

పదిహేనేళ్ళుగా కోడు రాస్తున్నాను. ఇంత శుభ్రమైన బగ్ రిపోర్టు నాకెవరూ ఇవ్వలేదు.

వెధవ అంటే మరేం కాదు, విధవే. సంస్కృతం మాట మన నోళ్ళలో నలిగి అలా అయింది. మొగుడు పోయిన ఆడదాని పేరు పెట్టి మగవాణ్ణి తిట్టడమేవిటని మనకెప్పుడూ అనుమానం రాదు. అక్కడ అర్థంతో పని లేదు, అవతలివాడికి అశుభం అంటించడమే పని. బయల్దేరేటప్పుడు విధవరాలు ఎదురొస్తే వెనక్కి తిరిగి కాసేపు కూర్చుని వెళ్ళిన జనం మనం. అదే ఆడవాళ్ళని తిట్టాలంటే "నీ తాడు తెగ". చచ్చేది మొగుడు, శాపం మాత్రం పెళ్ళానికి! ఇక "పిండాకూడు", "తద్దినం" సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి సోమవారం మేం పెట్టుకునే స్టేటస్ మీటింగుకి మా టీములో వాడుక పేరు రెండోదే.

విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. కాగితం మీద చట్టం ఉంది, చేసుకునే ధైర్యం ఎవరికుంది? పాతికేళ్ళ తర్వాత, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఆ పెళ్ళితో సంబంధం పెట్టుకున్నవాళ్ళని వెలివేశారు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు నోరు విప్పితే తిట్టే, ఆయనింట్లోనే బాలవితంతువు బుచ్చమ్మ ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని వెధవ అన్నా ఆ పిల్ల వింటూనే ఉంటుంది కదా! ఆ నాటకం ఎన్నిసార్లు చదివినా నాకీ సంగతి తట్టలేదు.

మా నాయనమ్మకి ఇరవై ఆరేళ్ళకే తాతయ్య పోయాడు. మా అక్క పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు ఆవిడ వెనక గదిలో, తలుపు పక్కన కూర్చుంది. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు, ఆవిడే కూర్చుంది. పెళ్ళయ్యాక నేను వెళ్తే, "ఒరే వెధవా, అన్నం తిన్నావురా?" అంది. ఆవిడ నన్ను ముద్దుగా పిలిచిన పిలుపు జీవితాంతం అదే. ఆ మాట తన పేరేనని ఆవిడకి తెలుసో లేదో! నేనూ అడగలేదు.

ఇలాంటిదే మాంట్రియల్లో ఆన్‌సైటుకి వెళ్ళినప్పుడు విన్నాను. సర్వరు పడిపోతే పక్క సీటు ఫ్రెంచి కుర్రాడు "తబర్నాక్!" అని అరిచాడు. అంటే చర్చిలో ప్రసాదం భద్రపరిచే పెట్టె. ఇంకా కోపమొస్తే పూజగిన్నె, ప్రసాదపు రొట్టె కూడా బయటికొస్తాయి. క్విబెక్‌లో ఒకప్పుడు బడులూ ఆసుపత్రులూ చర్చి చేతిలోనే ఉండేవి. 1960ల్లో ఆ పట్టు పోయింది. చర్చికి వెళ్ళడం మానేసినవాళ్ళ మనవలు కూడా ఇవాళ్టికీ అవే తిట్లు తిడతారు.

కథ రాసేవాడు దీన్ని తిరగేసి చెయ్యాలి, ముందు భయం, తర్వాత తిట్టు. ఆల్డస్ హక్స్‌లీ 1932లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్‌లో పిల్లల్ని సీసాల్లో తయారుచేయించాడు. అక్కడ "అమ్మ" అనే మాట పచ్చి బూతు. వింటే జనం సిగ్గుతో ఎర్రబడతారు. దేవుడి మీద ఒట్టు లేదు, కార్ల ఫోర్డు మీద ఒట్టు!

మనకీ ఉన్నాడండీ ఒకాయన, పింగళి నాగేంద్రరావు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో రాక్షసుల నోట సంయుక్తాక్షరాలు పలకవు కాబట్టి అస్మదీయులు కాస్తా అసమదీయులయ్యారు. దానికి జతగా తసమదీయులు. సంస్కృతంలో అయితే "తదీయులు" అనాలి, ఈయన మాత్రం హాయిగా ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేశాడు. ఆ లోకంలో పగవాడికి పేరు అదే, మనవాడు కాదు, అంతే. కులం లేదు, రోగం లేదు, విధవ లేదు. నరమాంసం తినే జాతి నోరు మన నోటికన్నా శుభ్రంగా ఉంది!

సరే, నా ఎడారి సంగతి. మొదట "నీ కుండ పగల" అని రాశాను. తర్వాత వెలిగింది, కుండ పగలగొట్టేది మన శ్మశానంలో, అక్కడ కాదు. ఎడారిలో కాల్చడానికి కట్టెలెక్కడివి? కొట్టేసి "ఒలకబోతు" అని పెట్టాను. నీళ్ళు ఒలకబోసినవాడని. మా ఆవిడ పకపకా నవ్వింది. పసివాణ్ణి మురిపెంగా పిలిచినట్టుందట.

దాంతో మొదటి అధ్యాయానికి ముందు ఇంకో అధ్యాయం రాయాల్సొచ్చింది. చెంబెడు నీళ్ళు ఒలకబోసినందుకు ఒకణ్ణి కోట గోడ బయట వదిలి తలుపులు మూసేస్తారు. రెండు రోజులు అతను తలుపు కొడుతూనే ఉంటాడు. లోపల కూతురు వింటుంటుంది. ఇది చదివాక సేనాపతి "ఒలకబోతా!" అన్నచోట మా ఆవిడ నవ్వలేదు.

సభలో పెద్ద పీట మీద కూర్చునే ముసలావిడకి మా నాయనమ్మ పేరు పెట్టాను. ఆవిడ తన మనవణ్ణి ముద్దుగా ఏమని పిలవాలో మాత్రం ఇంకా తేలలేదు.